గర్ల్ స్కౌట్స్ యూనిఫాం, బ్యాడ్జ్‌లు: అమెరికాలోని తెలుగు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్కూళ్ళు తెరిచిన కొద్ది వారాలకే చిన్న తరగతుల ఆడపిల్లల బ్యాగుల్లో గర్ల్ స్కౌట్స్ అనే ఆడపిల్లల సంస్థ కాగితం ఒకటి ఇంటికొస్తుంది. పిల్ల చేరతానని పట్టుబడుతుంది, మనం సరేనంటాం. అక్కడి నుంచి మొదలవుతుంది టెన్షన్: ఏం కొనాలి, ఎక్కడ కుట్టాలి, ఈ పిన్ను దేనికి? మా ట్రూప్‌లో, అంటే మా పిల్లల బృందంలో, చేరే తెలుగు కుటుంబాలు ఏటా అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నేను వాలంటీర్ లీడర్‌ని, సంస్థ ఉద్యోగిని కాదు. ఎక్కడైనా అనుమానం వస్తే మీ కౌన్సిల్ (మీ ప్రాంతపు సంస్థ శాఖ) వాళ్ళు ఇచ్చే బొమ్మల చార్టు చూసుకోండి, అదే ఖాయం.

యూనిఫాం అంటే తల నుంచి కాలి దాకా సెట్ మొత్తం కొనాలా?

అక్కర్లేదు. మన స్కూల్ యూనిఫాంలాగా చొక్కా, స్కర్టు, బెల్టు, టై అన్నీ కొనాలని చాలామంది అనుకుంటారు. ఇక్కడ సంస్థ తప్పనిసరి అనేది ఒక్కటే: పిన్నులు, బ్యాడ్జ్‌లు పెట్టుకునే పై వస్త్రం. అది చేతుల్లేని కోటు లాంటి వెస్ట్ కావచ్చు, భుజం మీదుగా అడ్డంగా వేసుకునే గుడ్డ పట్టీ, శాష్ కావచ్చు, చిన్నపిల్లలకైతే ట్యూనిక్ కావచ్చు. దాని లోపలికి ఇంట్లో ఉన్న తెల్ల చొక్కా, కిందకి ఖాకీ ప్యాంటో స్కర్టో చాలు. షాపులో లెగ్గింగ్స్, సాక్సులు, టోపీలు, హెయిర్ క్లిప్పులు కూడా కనిపిస్తాయి. ముచ్చటపడితే కొనుక్కోవచ్చు, లేకపోయినా ఎవరూ అడగరు.

ఆ వెస్ట్ కూడా ప్రతి మీటింగ్‌కీ వేసుకోవాలా అన్నది ట్రూప్‌ను బట్టి ఉంటుంది. వేడుకల్లో, పరేడ్‌లో, సంస్థ తరఫున నలుగురి ముందుకి వెళ్ళినప్పుడు మాత్రం వేసుకోవాలి. మట్టిలో మొక్కలు నాటే రోజున మేమే వద్దంటాం.

ఏ తరగతి పిల్లకి ఏ రంగు?

కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లలు డైసీలు, వాళ్ళది నీలం. రెండు, మూడు తరగతులు బ్రౌనీలు, గోధుమ రంగు. నాలుగు, అయిదు జూనియర్లు, ఆకుపచ్చ. ఆరు నుంచి ఎనిమిది దాకా కడెట్లు, తొమ్మిది, పది సీనియర్లు, పదకొండు, పన్నెండు అంబాసిడర్లు. ఈ మూడు పెద్ద దశలకీ ఖాకీయే.

డైసీ అన్న పేరు వ్యవస్థాపకురాలి ముద్దుపేరు. జూలియట్ గోర్డన్ లో 1912 మార్చి 12న జార్జియా రాష్ట్రంలోని సవానాలో 18 మంది ఆడపిల్లలతో ఈ ఉద్యమం మొదలుపెట్టారు. ఇంట్లో ఆమెను డైసీ అని పిలిచేవారట. చిన్నపిల్లల దశకి ఆ పేరు పెట్టింది 1984లో. ఆకుపచ్చ రంగు చూస్తే గర్ల్ స్కౌట్స్ గుర్తొస్తారు గానీ తొలి యూనిఫాంలు ముదురు నీలం. తర్వాత ఖాకీ, 1920ల చివర్లో ఆకుపచ్చ వచ్చింది.

వెస్ట్ మంచిదా, శాష్ మంచిదా?

నన్నడిగితే వెస్ట్. స్థలం ఎక్కువ, వెనక వీపు మొత్తం ఫన్ ప్యాచ్‌లకి పనికొస్తుంది, ఆడేటప్పుడు జారదు. శాష్ చూడ్డానికి అందంగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, ఖరీదు కొంచెం తక్కువ. కానీ చురుకైన పిల్లయితే రెండో ఏడాదికే నిండిపోతుంది, ఆడుతూ ఉంటే భుజం మీంచి జారిపోతుంటుంది. డైసీల ట్యూనిక్ అంటే ముందూ వెనకా రెండు పలకలుండి పక్కల్లో కట్టుకునే ఏప్రన్ లాంటిది. పిల్ల ఎంత పెరిగినా సరిపోతుంది.

శాష్ కుడి భుజం మీద నుంచి ఎడమ నడుము వైపుకి వస్తుంది. ఫోటోల్లో చాలామంది పిల్లలు తిరగేసి వేసుకుని కనిపిస్తారు, బయటికి పంపేముందు ఒక్కసారి చూడండి.

సైజు ఎలా తీసుకోవాలి?

పెద్దదే తీసుకోండి. ఒక్కో వెస్ట్ కనీసం రెండేళ్ళు వాడాలి, పైగా ట్రూప్ నిధుల కోసం పిల్లలు కుకీలు అమ్మే రోజులు జనవరి నుంచి ఏప్రిల్ లోపల వస్తాయి. న్యూజెర్సీ, మిషిగన్ చలిలో షాపు బయట నిలబడాలంటే జాకెట్ మీద వెస్ట్ ఎక్కాలి. డాలస్‌లో ఉన్నవాళ్ళకి ఆ బాధ తక్కువ. సైజు చూసుకునేటప్పుడు పిల్లకి స్వెటర్ వేసి మరీ చూడండి.

అక్కయ్యది ఉంది, చెల్లికి వేయొచ్చా? డబ్బు ఇబ్బంది ఉంటే?

నిరభ్యంతరంగా వేయొచ్చు. అక్క బ్యాడ్జ్‌లు విప్పేసి, ఉతికి, చెల్లి ట్రూప్ నంబరు కుట్టండి. పాత బ్యాడ్జ్‌ల జిగురు మరక మిగిలితే కొత్త బ్యాడ్జ్‌లు ఆ చోట్లోనే పెడితే కప్పుకుపోతుంది. పాతవి ఇచ్చిపుచ్చుకోవడం ట్రూపుల్లో మామూలే.

డబ్బు విషయం అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. చాలా కౌన్సిళ్ళలో యూనిఫాం కోసం, సభ్యత్వం కోసం ఆర్థిక సహాయం ఉంటుంది. ఫారం నింపితే చాలు, ఆ సంగతి మిగతా పిల్లలకి తెలియదు. ఉద్యోగం పోయి వీసా అరవై రోజుల గడువులో ఉన్న కుటుంబాల్ని నేను చూశాను. అలాంటప్పుడు పిల్లని మాన్పించకండి, లీడర్‌కి ఒక్క మెసేజ్ పెట్టండి.

ఏది ఎక్కడ పెట్టాలి? చార్టు చూసినా అర్థం కావడం లేదు.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, చార్టులో కుడి అంటే వేసుకున్న పిల్ల కుడి. మీరు వెస్ట్‌ని టేబుల్ మీద ముందు భాగం పైకి పరిచి చూస్తుంటే అది మీ ఎడమ చేతి వైపు వస్తుంది. ఈ ఒక్క తేడాతో జెండా తప్పు వైపు అతుక్కున్న వెస్ట్‌లు ప్రతి ఏడాదీ కనిపిస్తాయి. కాబట్టి ముందు పిల్లకి వెస్ట్ తొడగండి. కుడి చెయ్యి ఎత్తమనండి. ఆ వైపు పైన ఒక గుండుసూది గుచ్చి, అప్పుడు విప్పి పని మొదలుపెట్టండి.

వెస్ట్ మీద కుడి వైపు అన్నిటికంటే పైన అమెరికా జెండా. దాని కింద కౌన్సిల్ పేరున్న పట్టీ, దాని కింద ట్రూప్ నంబరు అంకెలు. ఎడమ వైపు, గుండె మీదుగా, ఇన్‌సిగ్నియా ట్యాబ్ అనే చిన్న గుడ్డ పట్టీ. దాని మీద పైన ప్రపంచ సంఘం (అన్ని దేశాల గర్ల్ గైడ్స్, గర్ల్ స్కౌట్స్ కలిసిన సంఘం) పిన్ను, కింద గర్ల్ స్కౌట్ సభ్యత్వ పిన్ను. మిగతా బ్యాడ్జ్‌లు, అవార్డులు ఎక్కడికి వెళ్తాయన్నది దశను బట్టి, వెస్టా శాషా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ చార్టు సంస్థ సైట్‌లో ప్రతి దశకీ విడివిడిగా ఉంటుంది. అవార్డులు కూడా కొన్నేళ్ళకోసారి మారుతుంటాయి, అందుకని స్నేహితురాలి కూతురి పాత వెస్ట్ చూసి కాపీ చేయకండి.

మా పిల్ల పౌరురాలు కాదు, జెండా పెట్టుకోవచ్చా అని కొందరు మెల్లగా అడుగుతారు. పెట్టుకోవచ్చు. చేరడానికి పౌరసత్వంతో పనిలేదు, జెండా అందరి వెస్ట్ మీదా ఉండేదే.

ఆ రెండు పిన్నులు దేనికి గుర్తు?

రెండిట్లోనూ ఉన్నది మూడాకుల గుర్తు, ట్రెఫాయిల్ అంటారు. మారేడు దళంలా మూడు ఆకులు ఒకే కాడకి ఉంటాయి. మూడూ ప్రతిజ్ఞలోని మూడు భాగాలు. అమెరికా ట్రెఫాయిల్ పిన్నుకి 1914లోనే జూలియట్ లో పేటెంట్ తీసుకున్నారు. మూడు మొహాలు పక్క నుంచి కనిపించే డిజైన్ మాత్రం 1978లో గ్రాఫిక్ డిజైనర్ సాల్ బాస్ గీసింది.

నీలం మీద బంగారు రంగులో ఉండేది ప్రపంచ సంఘం పిన్ను. నీలం ఆకాశం, బంగారం ప్రపంచంలోని పిల్లలందరి మీదా పడే సూర్యుడి వెలుగు. రెండు నక్షత్రాలు ప్రతిజ్ఞకీ నియమానికీ గుర్తు, మధ్యలో నిలువు గీత దిక్సూచి ముల్లు, కింద కాడ దగ్గర ఉన్నది మంట, మానవాళి మీద ప్రేమకి గుర్తు. పిల్లకి ఇది చెప్పి చూడండి, పిన్ను పోగొట్టుకోకుండా ఎంత జాగ్రత్తగా ఉంటుందో!

డైసీల పూరేకులు ఎన్ని? అన్నీ ఒకేసారి అతికించేయొచ్చా?

డైసీల వెస్ట్ మీద బ్యాడ్జ్ ముక్కలతో ఒక పువ్వు తయారవుతుంది: పది రేకులు, మధ్యలో నీలం బొడ్డు. ముందు బొడ్డు వస్తుంది, ప్రతిజ్ఞ నేర్చుకున్నాక. తర్వాత గర్ల్ స్కౌట్ నియమంలో ఒక్కో వాక్యానికి ఒక్కో రేకు. లేత నీలం నిజాయితీకి, పసుపు స్నేహానికీ సాయానికీ, ఎరుపు ధైర్యానికి, ఆరంజ్ నా మాటకీ నా పనికీ నేనే బాధ్యురాలిననడానికి, ఆకుపచ్చ వస్తువుల్ని వృథా చేయకుండా వాడుకోవడానికి, గులాబీ ప్రపంచాన్ని మరింత బాగుచేయడానికి. అలా పది.

రేకులన్నీ ఒకే ప్యాకెట్‌లో వస్తాయి. అందుకే కొందరు మొదటి వారంలోనే పువ్వు మొత్తం ఇస్త్రీపెట్టెతో అతికించేసి పంపుతారు. దయచేసి ఆ పని చేయకండి. అయిదేళ్ళ పిల్ల పసుపు రేకు కోసం పక్కింటి ముసలావిడకి కార్డు గీసి ఇచ్చి, ఆ తర్వాతి మీటింగ్‌లో రేకు చేతిలో పడగానే దాన్ని గుప్పిట్లో పట్టుకుని కారు దాకా వదలదు. అంత విలువ దానికి వచ్చింది ఆ కార్డు వల్ల. ముందే అతికించిన పువ్వు మంచి డెకరేషన్, అంతే. ప్యాకెట్ లీడర్ దగ్గర ఉంచండి.

బ్యాడ్జ్‌కీ ప్యాచ్‌కీ తేడా ఏంటి?

బ్యాడ్జ్ అంటే నేర్చుకున్నందుకు. ఒక్కో దానికి కొన్ని మెట్లుంటాయి, అవి పూర్తిచేస్తేనే వస్తుంది. అది వెస్ట్ ముందు భాగంలో ఉండాలి. ఫన్ ప్యాచ్ అంటే పాల్గొన్నందుకు: జూకి వెళ్ళారు, క్యాంపులో ఒక రాత్రి పడుకున్నారు, ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దారు. అవి వెనక వీపు మీద. దీపావళికి రంగోలీ వేయించి దీపాల కథ చెప్పించే ట్రూపులకి దీపావళి ప్యాచ్‌లు కూడా దొరుకుతాయి, అవీ వెనకే.

బ్యాడ్జ్‌లకి డబ్బు ఎవరు కడతారని కూడా అడుగుతారు. చాలా ట్రూపుల్లో కుకీల అమ్మకంలో ట్రూప్ వాటాగా వచ్చే డబ్బుతోనే కొంటారు. వెస్ట్ మాత్రం సాధారణంగా ఇంటి ఖర్చు.

ఇస్త్రీ చేస్తే చాలా, కుట్టాలా?

కుట్టాలి. బ్యాడ్జ్ వెనక మెరుస్తూ గట్టిగా ఉండే పొర ఉంటే అది ఇస్త్రీతో అతుక్కునే రకం. అతుక్కుంటుంది, నిజమే. రెండు మూడు ఉతుకుల తర్వాత ఒక మూల లేస్తుంది, పిల్ల గోటితో గీరుతుంది, పార్కింగ్‌లో ఎక్కడో పడిపోతుంది. అందుకని ఇస్త్రీతో నిలబెట్టి, దారంతో ఖాయం చేయడం మేలు.

ఇస్త్రీ ఇలా చేయండి: అన్ని బ్యాడ్జ్‌లూ పరిచి ఫోటో తీసుకుని, వరస బాగుందనుకున్నాక మొదలుపెట్టండి. బ్యాడ్జ్ మీద పల్చని నూలు గుడ్డ, పాత చున్నీ ముక్క లాంటిది, వేయండి. ఆవిరి ఆపేయండి. పెట్టెను అటూఇటూ రుద్దకుండా ఒకేచోట నొక్కి పట్టి ఉంచండి, తర్వాత వెస్ట్ తిరగేసి లోపలి నుంచి ఇంకోసారి. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకండి. వేడి మరీ ఎక్కువైతే వెస్ట్ గుడ్డ మీద మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు.

కుట్టడం మనలో చాలామందికి చీరకి ఫాల్ కుట్టిన చేతులతోనే వచ్చేస్తుంది. బ్యాడ్జ్ అంచున లావుగా దారం చుట్టి ఉంటుంది కదా, ఆ అంచు రంగు దారమే తీసుకోండి, వెస్ట్ రంగు కాదు. ముందు నాలుగు వైపులా కచ్చా కుట్టు వేసి కదలకుండా చేసి, ఆ అంచును మాత్రమే పట్టుకుంటూ చిన్న చిన్నగా హెమ్మింగ్ చేయండి. మధ్యలోంచి సూది దించితే బొమ్మ ముడతపడుతుంది, సూది కూడా గట్టి పొరలో దిగదు. లోపల చెయ్యి పెట్టుకుని కుట్టండి, లేకపోతే ముందు పలకా వెనక పలకా కలిపి కుట్టేస్తాం. మిషన్ ఉంటే జిగ్‌జాగ్ కుట్టు చక్కగా పడుతుంది.

అస్సలు కుట్టలేనివాళ్ళకి బ్యాడ్జ్ మ్యాజిక్ లాంటి జిగురు షీట్లు ఉన్నాయి. కత్తిరించి అంటించడమే, గట్టిగా పట్టుకుంటాయి. మళ్ళీ పీకాల్సి వస్తే మాత్రం జిగురు మరక మిగులుతుంది. అందుకని కౌన్సిల్ పట్టీకి, ట్రూప్ నంబరుకి వాటిని వాడకండి, అవి మారే అవకాశం ఉన్నవి.

ఇంకో మాట. ఏడెనిమిదేళ్ళు వచ్చిన పిల్లయితే సూది ఆమెకే ఇవ్వండి. పెద్ద కన్నున్న సూది, పక్కన మీరు. కుట్లు వంకరగా వస్తాయి. రానివ్వండి. మా ట్రూప్‌లో ఒకమ్మాయి బ్రౌనీ వెస్ట్ మీద బ్యాడ్జ్‌లు వరసగా చూస్తే మొదటిదానికి కుట్లు బొటనవేలంత పొడవు, చివరిదానికి కనపడనంత సన్నం. ఆ తేడా చూపించి ఆ పిల్ల ఎంత గర్వపడుతుందో నాకు తెలుసు.

ఎలా ఉతకాలి?

పిన్నులన్నీ తీసేయండి. తిరగేసి చన్నీళ్ళలో చేత్తో ఉతికి నీడన ఆరేయండి. డ్రయ్యర్ వద్దు, ఆ వేడికి జిగురు వదులుతుంది.

మీటింగ్‌కి రాలేకపోయింది. మిగతావాళ్ళందరికీ బ్యాడ్జ్ వచ్చింది, మా అమ్మాయికి రాలేదు. ఏం చేయాలి?

భరతనాట్యం క్లాసు, కుమాన్, స్విమ్మింగ్ మధ్య ఇది తరచూ జరిగేదే. మిగిలిపోయిన మెట్టు ఏంటో లీడర్‌ని అడగండి, ఇంట్లో చేసి వచ్చే మీటింగ్‌లో చెప్పొచ్చు లేదా చూపించొచ్చు. ఇండియా వెళ్ళి వచ్చినా ఇదే పద్ధతి. నిజానికి కొన్ని బ్యాడ్జ్‌లు ఇండియాలోనే బాగా అవుతాయి. మై ఫ్యామిలీ స్టోరీ అని బ్రౌనీలకి ఒకటుంది, కుటుంబం కథ తెలుసుకోవడం దాని విషయం. అమ్మమ్మ పక్కన కూర్చుని ఆవిడ పెళ్ళి ఎడ్లబండి మీద ఎలా జరిగిందో వింటే అంతకంటే మెట్టు ఏముంది? జూనియర్లకి వంట మీద ఉన్న సింపుల్ మీల్స్ బ్యాడ్జ్‌కి పెసరట్టు పోసి తెచ్చిన పిల్లలున్నారు.

ఆన్‌లైన్‌లో బ్యాడ్జ్‌లు దొరుకుతున్నాయి కదా, కొనేసి కుట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

పిల్లకి తెలుస్తుంది. అదొక్కటే నా జవాబు, కానీ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న వెనక ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. ఫంక్షన్‌లో పక్క పిల్ల వెస్ట్ నిండుగా ఉంటుంది, మన పిల్లది వెలితిగా కనిపిస్తుంది, మనసు చివుక్కుమంటుంది. మార్కులు, ర్యాంకుల మధ్య పెరిగినవాళ్ళం, లెక్కపెట్టకుండా ఉండలేం. కానీ ఇక్కడ ఎన్ని ఉండాలన్న లెక్క లేదు. ఏటా ఇన్ని చేయాలన్న నియమం లేదు. ఒక పిల్ల ఏడాదంతా ఒక్క ప్రథమ చికిత్స బ్యాడ్జ్ చేసి, చెల్లి మోకాలు గీరుకుపోతే గాయం కడిగి కట్టు కట్టగలిగితే, ఆ వెస్ట్ నిండినట్టే అని నేను అంటాను.

అలాగే పిల్ల పని మనం చేసిపెట్టడం. పోస్టర్ మీద అక్షరాలు వాళ్ళమ్మవని ఏ లీడర్‌కైనా ఇట్టే తెలిసిపోతుంది. పిల్ల చేతి రాత వంకరగా ఉన్నా అదే తీసుకురండి.

నక్షత్రాలు ఏంటి? రంగు రంగుల బిళ్ళలు ఎందుకు?

సభ్యత్వం ఉన్న ఒక్కో ఏడాదికీ ఒక్కో నక్షత్రం. సభ్యత్వ సంవత్సరం అక్టోబరు 1 నుంచి సెప్టెంబరు 30 దాకా. నక్షత్రం వెనక బిళ్ళ రంగు ఏ దశలో ఆ ఏడాది గడిచిందో చెబుతుంది: డైసీకి నీలం, బ్రౌనీకి ఆకుపచ్చ, జూనియర్‌కి పసుపు, కడెట్‌కి తెలుపు, సీనియర్‌కి ఎరుపు, అంబాసిడర్‌కి ముదురు నీలం. వెనక చిన్న నొక్కుడు బిళ్ళతో బిగుస్తాయి గానీ ఊడిపోతాయి. లోపలి వైపు ఆ బిళ్ళ మీద చిన్న టేపు ముక్క వేస్తే నిలుస్తాయి.

ప్రతిజ్ఞలో దేవుడి మాట ఉంది. మేం హిందువులం, పక్కింటివాళ్ళు ముస్లింలు. బొట్టు, గాజులు, హిజాబ్ కుదురుతాయా?

కుదురుతాయి. ఇది ఏ ఒక్క మతానికీ చెందిన సంస్థ కాదు. ప్రతిజ్ఞలో దేవుడు అన్నచోట పిల్ల తన నమ్మకానికి తగిన మాట పెట్టుకోవచ్చని 1993లోనే నిర్ణయించారు. బొట్టు పెట్టుకున్నా, తల మీద గుడ్డ కట్టుకున్నా, కాళ్ళు పూర్తిగా కప్పే ప్యాంటు వేసుకున్నా యూనిఫాంకి అడ్డం లేదు. క్యాంపు మంట దగ్గరికి మాత్రం గాజు గాజులు, వేలాడే చున్నీ తీసేసి పంపండి, అది ప్రమాదం సంగతి.

మై ప్రామిస్, మై ఫెయిత్ అని ఒక పిన్ను ఉంది. పిల్ల తన మతంలోని విషయాల్ని గర్ల్ స్కౌట్ నియమంతో కలిపి ఆలోచించి సంపాదించుకునేది, ఏ మతమైనా సరే. ఏటా ఒకటి చేయొచ్చు. గుడిలో బాలవికాస్‌కి వెళ్ళే పిల్లలకి, ఆదివారం చర్చికో మసీదుకో వెళ్ళే పిల్లలకి ఇది చక్కగా సరిపోతుంది.

ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తున్నాం. మళ్ళీ మొదటి నుంచీ చేయాలా?

లేదు. బ్యాడ్జ్‌లు, పిన్నులు, నక్షత్రాలు అన్నీ ఆమెవే, అలాగే ఉంటాయి. దేశంలో వందకు పైగా కౌన్సిళ్ళున్నాయి, కొత్త ఊరు ఏ కౌన్సిల్ కిందకి వస్తుందో చూసి ఆ పట్టీ, కొత్త ట్రూప్ నంబరు మాత్రం మార్చి కుట్టండి. వెళ్ళిన చోట ట్రూపులో ఖాళీ లేకపోతే జూలియట్‌గా కొనసాగొచ్చు. ట్రూపు లేకుండా ఒంటరిగా సభ్యురాలిగా ఉండే పిల్లల్ని అలా అంటారు. వాళ్ళకీ యూనిఫాం ఉంది, వాళ్ళూ బ్యాడ్జ్‌లు చేస్తారు.

పై దశకి వెళ్ళాక పాత బ్యాడ్జ్‌లు కొత్త వెస్ట్ మీదకి మార్చాలా?

మార్చకూడదు. డైసీ పువ్వు నీలం మీదే ఉండిపోతుంది. కొత్త వెస్ట్ మీదకి వచ్చేవి ప్రపంచ పిన్ను, నక్షత్రాలు, దశ దాటినందుకు వచ్చే బ్రిడ్జింగ్ అవార్డు. బ్రౌనీ నుంచి జూనియర్‌కి దాటిన పిల్లలకి బ్రౌనీ రెక్కలు వస్తాయి. ఆ వేడుకలో పిల్లలు నిజంగానే చిన్న వంతెన దాటి అటువైపుకి వెళ్తారు, పార్కులో కాలవ మీద చెక్క వంతెన ఉంటే అక్కడే చేస్తారు. పాత వెస్ట్ కొత్త పిల్లకి ఇచ్చేయాలా, దాచుకోవాలా అన్నది పిల్లనే అడగండి.

నేను మన ఊళ్ళో హైస్కూల్లో గైడ్‌ని. ఇదీ అదీ ఒకటేనా?

అక్కచెల్లెళ్ళు అనుకోండి. మన స్కూళ్ళలో ఉన్నది భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్. 1950 నవంబరు 7న ఏర్పడింది, 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ అందులో కలిశారు. అక్కడ చిన్నపిల్లలు బుల్‌బుల్స్, వాళ్ళకి కోమల్, రజత్, స్వర్ణ, హీరక్ అని నాలుగు పంఖ్‌లు, అంటే మెట్లు. గైడ్‌లకి ప్రవేశ్ తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు, రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు. మెడలో స్కార్ఫ్, వాగల్, ఈల తాడు మీకు గుర్తుండే ఉంటాయి. ఇక్కడ పిల్లలకి ఆ స్కార్ఫ్ లేదు. రెండు సంస్థలూ 1928లో ఏర్పడిన ఒకే ప్రపంచ సంఘంలో సభ్యులు, అందుకే ఎడమ చేత్తో కరచాలనం, మూడు వేళ్ళ గుర్తు అక్కడా ఇక్కడా ఉన్నాయి. మీ పాత ఫోటో ఉంటే ఫిబ్రవరి 22న వరల్డ్ థింకింగ్ డే మీటింగ్‌కి పట్టుకురండి. ఇంకెక్కడో పిల్లలు వేరే రంగు బట్టల్లో ఇదే ప్రతిజ్ఞ చేస్తారని చెప్పడానికి మాకు అంతకంటే మంచి పాఠం దొరకదు.

సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు వీలైతే పుణెలోని సంగం చూపించండి. ప్రపంచ సంఘానికి ఉన్న అయిదు ప్రపంచ కేంద్రాల్లో అదొకటి, 1966లో మొదలైంది. వెళ్ళేముందు వాళ్ళకి రాసి, వెస్ట్ పెట్టెలో పెట్టుకోండి.

మా అబ్బాయి వెళ్ళే స్కౌట్స్‌లో కూడా అమ్మాయిలున్నారు. ఆ బ్యాడ్జ్‌లు ఇక్కడ పనికొస్తాయా?

అది వేరే సంస్థ. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 2018 నుంచి చిన్న అమ్మాయిల్ని కబ్ స్కౌట్స్‌లో చేర్చుకుంటోంది, 2025 ఫిబ్రవరిలో స్కౌటింగ్ అమెరికా అని పేరు మార్చుకుంది. రెండిట్లో ఉండొచ్చు, కానీ ఒకదాని బ్యాడ్జ్ ఇంకోదాని యూనిఫాం మీద పెట్టకూడదు.

కాలేజీ అడ్మిషన్‌కి ఏ అవార్డు పనికొస్తుంది?

డైసీ పిల్ల తల్లి నుంచి కూడా ఈ ప్రశ్న వస్తుంది! పెద్ద అవార్డులు మూడు: జూనియర్లకి బ్రాంజ్, కడెట్లకి సిల్వర్, సీనియర్లు, అంబాసిడర్లకి గోల్డ్. సూచించిన కనీస సమయం వరసగా 20, 50, 80 గంటలు. గోల్డ్ అవార్డు అంటే ఊళ్ళో ఒక సమస్య పట్టుకుని, దాని మూలం వెతికి, తను లేకపోయినా సాగే పరిష్కారం నిలబెట్టడం. అంత పని చేసిన పిల్లకి అప్లికేషన్‌లో రాసుకోవడానికి చాలానే ఉంటుంది. ఆరేళ్ళ పిల్లకి మాత్రం ఇప్పుడు ఆ మాట చెప్పకండి, ఆమెకి ఎర్ర రేకు సంగతే ముఖ్యం.

కుకీలు అమ్మేటప్పుడు వెస్ట్ వేసుకోవాలా?

వేసుకోవాలి. కొనేవాళ్ళు ఆగేదే అది చూసి. అయితే షాపు ముందు బూత్ దగ్గర పిల్ల పేరు బయటికి కనిపించేలా నేమ్ ట్యాగ్ పెట్టకండి, వెస్ట్ ఉన్న ఫోటో పబ్లిక్‌గా పోస్ట్ చేస్తే ట్రూప్ నంబరు, స్కూల్ పేరు కనిపించకుండా చూసుకోండి. ఇంటిల్లిపాదీ కలిసి చేస్తే కుకీ ఆంట్రప్రెన్యూర్ ఫ్యామిలీ పిన్ను వస్తుంది, ఏటా కొత్తది.

అమ్మానాన్నలకి కూడా యూనిఫాం ఉందా?

లీడర్లకైతే ముదురు నీలం మామూలు బట్టలు, సంస్థ స్కార్ఫ్ లేదా టై, సభ్యత్వ పిన్ను. అదీ వేడుకల్లోనే. ముదురు నీలం చీర మీద పిన్ను పెట్టుకుని వచ్చే లీడర్లు ఉన్నారు, బాగుంటుంది కూడా. మామూలు తల్లిదండ్రులకి ఏమీ అక్కర్లేదు. పిల్లలతో పాటు బయటికి రావాలన్నా, బూత్ దగ్గర సాయం చేయాలన్నా ముందు వాలంటీర్‌గా నమోదు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ గురించి లీడర్‌ని అడగండి. దానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి అక్టోబరులోనే పూర్తిచేసుకోండి.